మంత్రి గారూ, మగ్గం ఇచ్చారు సరే, బిగించేదెవరు?

గౌరవనీయులైన చేనేత శాఖ మంత్రి గారికి,

చీరాల దగ్గర ఒక ఊళ్లో మగ్గం నేసుకుని బతికేవాణ్ణి. ఇప్పటికి నాలుగు అర్జీలు ఇచ్చాను. రెండింటికి రసీదు ఉంది, మిగతా రెండూ "పైకి పంపించాం" అన్నారు. ఆ పై ఎక్కడుందో తెలియక మీకే రాస్తున్నాను.

గుంట తవ్వకుండా నేల మీదే నిలబెట్టే స్టాండు మగ్గాల పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది. నా వాటా పది శాతం అప్పు తెచ్చి కట్టాను. ఫాల్గుణంలో ఆటోలో మగ్గం వచ్చింది. మగ్గం అంటే మగ్గం కాదండీ, చెక్కలూ ఇనప బద్దలూ, ఒక సంచిలో బోల్టులూ. దింపిన కుర్రాడు ఆ కుప్ప పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీసుకుని, వేలిముద్ర వేయించుకుని వెళ్లిపోయాడు. బిగించే మనిషి వారంలో వస్తాడన్నారు. శ్రావణం కూడా వచ్చేసింది.

"మీరే బిగించుకోవచ్చుగా" అని ఆఫీసులో ఒకాయన సలహా. బిగించాం సార్. నేనూ, మా బావమరిదీ, ఊళ్లో తలుపులు చేసే వడ్రంగీ కలిసి రెండు రోజులు తంటాలు పడ్డాం. కాళ్లు గుంటలో పెట్టి నేసే గుంట మగ్గానికైతే గుంజలు భూమిలో పాతి ఉంటాయి, పోగుల్ని దగ్గరికి తోసే పలక ఎంత గట్టిగా కొట్టినా కదలవు. ఇది నాలుగు కాళ్ల మీద నిలబడేది. మా ఇంటి నేల ఒక మూల వేలెడు పల్లం. అక్కడ రేకు ముక్క పెడితే ఇక్కడ లేచింది. బట్ట చుట్టుకునే ముందు దోనె, నూలు చుట్టి ఉండే వెనక దోనె సరిగ్గా ఎదురెదురు రాకపోతే పడుగు (నిలువు పోగులు) ఒక అంచున బిర్రుగా, రెండో అంచున వదులుగా నిలుస్తుంది. బిర్రుగా ఉన్నవైపు పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతాయి. మూరెడు నేసేలోపు పద్దెనిమిది పోగులు అతికాను. లెక్కపెట్టింది మా ఇంటావిడ, కండెలకు నూలు చుట్టడం మానేసి. ఇక డిజైను నేయడానికి వాడే జకార్డు పెట్టె పైన ఎక్కిద్దామంటే ఇంటి రేకులే అడ్డం.

విప్పేసి గోడకు ఆనించి, మళ్లీ గుంటలోకే దిగాను. నిజం చెప్పాలంటే ఎండాకాలం గుంటే నయం, ఆ చెమ్మకు నూలు మెత్తబడి తెగదు. వానలు పడితేనే నరకం. నిన్న పొద్దున మోకాలి లోతు ఊట. చెంబుతో తోడి, గోనెపట్టా వేసి కూర్చుంటే మధ్యాహ్నానికి కాళ్ల కింద మళ్లీ తడి. నేత ఆగితే మజూరీ ఆగుతుంది, షావుకారు ఆగడు.

ఆఫీసు కాగితాల్లో మాత్రం నేను స్టాండు మగ్గం మీద హాయిగా నేస్తున్నాను. నేసుకోవడానికి షెడ్డు కావాలన్న అర్జీ అందుకే వెనక్కొచ్చింది. "ఇప్పటికే లబ్ధి పొందారు" అట! ఆ ఫోటో తెప్పించుకుని చూడండి సార్, అందులో మగ్గం ఎక్కడుందో మీరే వేలు పెట్టి చూపించండి.

2015 నుంచి ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం చేస్తున్నారు. మొన్న కూడా సన్మానాలు బాగా జరిగాయి, మేమూ చప్పట్లు కొట్టాం. ఆ శాలువాల్లో చేత్తో నేసినవెన్నో నేను అడగను.

మగ్గం బిగించడం తెలిసిన మనిషిని రెండు రోజులు పంపండి. లేదంటే ఆ కూలేదో ఇప్పించండి, మేమే వెతుక్కుంటాం. షెడ్డు సంగతీ చూడండి. ఏదో ఒకటి చేయండి సార్, కార్తీకం తుఫాన్లు రాకముందే. బోల్టుల సంచి దూలానికి వేలాడదీశాను. తుప్పు పట్టకుండా ఆముదం రాసి ఉంచాను.

ఇట్లు,
మీ లబ్ధిదారుడు