పెద్దవాళ్లకు బీపీ నిలబెట్టి కూడా చూడాలి

సంపాదకులకు,

ఇంట్లో పెద్దాయన బాత్రూంలో పడి తుంటి ఎముక విరిగిందంటే నున్నటి గచ్చును తిట్టుకుంటాం. అన్నిసార్లూ తప్పు గచ్చుది కాదు. మంచం మీంచి లేవగానే బీపీ ఒక్కసారిగా దిగిపోయి, కళ్లు చీకట్లు కమ్మి పడేవాళ్లున్నారు. ఓపీలో కుర్చీలో కూర్చోబెట్టి చూసే బీపీలో ఇది బయటపడదు. ఉదాహరణకు కూర్చున్నప్పుడు 148 ఉండి, నిలబడగానే 120కి దిగే మనిషి సంగతి చూడండి. రిజిస్టరులో 148 ఒక్కటే ఎక్కుతుంది. 140 దాటింది కాబట్టి మాత్ర డోసు పెరుగుతుంది. పడే ప్రమాదమూ పెరుగుతుంది.

చూడాల్సిన తీరు ఇదీ. 5 నిమిషాలు బల్ల మీద పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక 1వ నిమిషంలో, మళ్లీ 3వ నిమిషంలో చూడాలి. పై సంఖ్య 20 గానీ, కింది సంఖ్య 10 గానీ తగ్గితే సమస్య ఉన్నట్టే. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే కూర్చోబెట్టి, ఆ మాట కూడా రాయాలి. ఎక్కువగా జరిగే పొరపాటు చేతి దగ్గరే. నిలబడ్డాక చేయి కిందికి వేలాడేస్తే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అసలు తగ్గుదల దాగిపోతుంది. చేతిని గుండె ఎత్తున ఎవరైనా ఆనించి పట్టుకోవాలి. చొక్కా చేతి మీద పట్టీ చుట్టకూడదు.

ప్రోస్టేటుకు టామ్సులోసిన్, బీపీకి ప్రాజోసిన్, నీరు పోయే మాత్రలు, నిద్రమాత్రలు వాడేవాళ్లను ముందు చూడాలి. మధుమేహం ముదిరినవాళ్లనూ అంతే. రోళ్లు పగిలే మన రోహిణీ కార్తె ఎండల్లో ఒంట్లో నీరు తగ్గి ఇది ఇంకా ముదురుతుంది. అలాగని ఇంట్లోవాళ్లు మాత్రలు ఆపేయొద్దు. ఏది తగ్గించాలో, ఏది మార్చాలో డాక్టరు చెప్పాలి. ఈలోగా మంచం అంచున కాళ్లు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చున్నాకే లేవాలి.

2017-18లో మొదలైన వృద్ధుల జాతీయ సర్వేలో, 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా చేర్చుకుని, ఇళ్లకే వెళ్లి బీపీతో పాటు పిడికిలి బలం, నిలకడ, నడక వేగం కొలిచారు. పరిశోధన కోసం గడప దాకా వెళ్లి చేసింది, వైద్యం కోసం ఆరోగ్య కేంద్రంలో ఎందుకు చేయలేం? 2010-11లో వచ్చిన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం పీహెచ్‌సీలో వారానికో రోజు వృద్ధుల క్లినిక్ ఉండాలనే చెబుతోంది.

ఓపీ రద్దీలో ఒక్కొక్కరికి 8 నిమిషాలు ఎక్కడివని అడుగుతారు. అందరికీ అక్కర్లేదు. నెల మొదట్లో సచివాలయ సిబ్బంది 4,000 రూపాయల పింఛను పట్టుకుని వృద్ధుల ఇంటికే వెళ్తున్నారు. అప్పుడే రెండు ప్రశ్నలు అడగవచ్చు: ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా? లేస్తే కళ్లు తిరుగుతున్నాయా? అవునన్నవాళ్ల పేర్లు ఏఎన్‌ఎంకు ఇస్తే చాలు, పరీక్ష ఆమె చేస్తుంది. రిజిస్టరులో ‘నిలబడినప్పుడు బీపీ’ అనే గడి ఒకటి, క్లినిక్‌లో పడుకోబెట్టే బల్ల ఒకటి కావాలి. గుంటూరు, విజయవాడ నగరాల్లోని పట్టణ ఆరోగ్య కేంద్రాలతో దీన్ని మొదలుపెట్టాలని జిల్లా వైద్య ఆరోగ్య అధికారులను కోరుతున్నాం.

- ప్రజారోగ్య అధ్యాపకులు, గుంటూరు