ఇంజిన్ మార్చిన బండ్ల డీజిల్ పైపుల విషయంలో మా పొరపాటు

ఒంగోలు బైపాస్ పక్కనున్న మా షెడ్డులో పాత లారీలకు ఇంజిన్లు మార్పించుకున్న యజమానులకు, డ్రైవరు సోదరులకు నమస్కారం. గత నెలలో మేము ఇంజిన్ మార్చి అప్పగించిన ఒక పాత టాటా 1613 లారీ, చీమకుర్తి గ్రానైటు దిమ్మెలతో కృష్ణపట్నం ఓడరేవుకు వెళ్తూ ఉలవపాడు దాటాక ఆగిపోయిన సంగతి మీలో చాలామందికి ఈపాటికే చేరింది. అది ఎందుకు ఆగిందో ఇతరుల నోట వినే కంటే మా నుంచే తెలుసుకోవడం మీకు న్యాయమని ఇది రాస్తున్నాము. తప్పు ఇంజిన్‌ది కాదు, డ్రైవరుది అసలే కాదు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు (ట్యాంకులోని డీజిల్‌ను లాగి ఇంజిన్ వైపు పంపే చిన్న పంపు) వచ్చే పైపును మేము కలిపిన తీరులో ఉంది.

ఆ బండికి ఉన్న పాత టాటా 697 ఇంజిన్ దించి కమిన్స్ 6బీటీ ఇంజిన్ ఎక్కించాము. కొత్త ఇంజిన్ ఫీడ్ పంపు పాతదాని చోట లేనందువల్ల ట్యాంకు పైపు జానెడు తక్కువైంది. కొత్త ఇనుప పైపు వంచి వేయవలసిన చోట, బండి త్వరగా అప్పగించాలన్న తొందరలో రబ్బరు గొట్టం ముక్క వేసి రెండు వైపులా క్లిప్పులు బిగించాము. హ్యాక్సాతో కోసిన పైపు కొసకు ఉంగరం లాంటి ఉబ్బు తీయలేదు. గొట్టం కాస్త వదులుగా ఉన్నా క్లిప్పు పట్టుకుంటుందిలే అనుకున్నాము.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫీడ్ పంపు దాటిన తర్వాత పైపు వదులైతే డీజిల్ కారుతుంది, కంటికి కనిపిస్తుంది. ఫీడ్ పంపుకు ముందు వదులైతే చుక్క కూడా కారకపోవచ్చు, ఎందుకంటే అక్కడ పంపు డీజిల్‌ను పీల్చుకుంటూ ఉంటుంది, సందు దొరికితే బయటి గాలిని కూడా దానితోపాటే పీల్చుకుంటుంది. షెడ్డులో నిండు ట్యాంకుతో నడిపి చూసినప్పుడు డీజిల్ మట్టం ఎత్తుగా ఉండి పంపుకు శ్రమ లేకపోయింది, బండి గడియారంలా నడిచింది. ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయ్యేసరికి పంపు మరింత గట్టిగా లాగవలసి వచ్చి, ఆ జాయింటు దగ్గర ఎయిర్ పట్టింది, అంటే పైపులోకి గాలి చేరి ఇంజిన్‌కు డీజిల్ అందక బండి ఆగింది.

డ్రైవరు బ్లీడింగ్ స్క్రూ (పైపుల్లోని గాలిని బయటికి వదిలే స్క్రూ) వదులు చేసి, చేతి పంపు కొట్టి, ఎయిర్ తీసి, ఆగుతూ ఆగుతూ బండిని వెనక్కి తెచ్చారు. మరునాడు ఉదయం అది మళ్లీ స్టార్టు కాలేదు. అప్పుడైనా మేము పైపు వైపు చూడవలసింది. జాయింట్లన్నీ పొడిగా కనిపించడంతో నాజిళ్లకు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాలకు) ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పంపే డీజిల్ పంపునే అనుమానించి, దాన్ని దించి కాలిబ్రేషన్‌కు, అంటే కొలతలు సరిచూడడానికి, పంపించాము. పంపు నిక్షేపంగా ఉందని తిరిగొచ్చింది. ఆ ఖర్చూ, బండి నిలిచిపోయిన రోజుల కిరాయీ యజమానికి మేమే ఇచ్చుకున్నాము.

చివరికి ఫిల్టరుకూ డీజిల్ పంపుకూ మధ్య పారదర్శకంగా ఉండే చిన్న గొట్టం పెట్టి ఇంజిన్ నడిపితే, సోడా గ్లాసులో లాగా సన్నని బుడగలు వరుసగా పోవడం కనిపించింది. ట్యాంకు పైపు విడదీసి, క్యానులోని డీజిల్‌ను నేరుగా ఫీడ్ పంపుకు అందిస్తే బుడగలు ఆగిపోయాయి. ఐదు నిమిషాల పని, మొదటి రోజే చేయవలసింది.

లెక్కకు ఇంకొకటి కూడా ఉంది. రెండు బండ్లలో నాజిళ్ల నుంచీ పంపు నుంచీ మిగిలి వచ్చే డీజిల్‌ను ట్యాంకు దాకా పంపకుండా, పైపు ఆదా అవుతుందని ట్యాంకు నుంచి పంపుకు డీజిల్ తెచ్చే ఫీడ్ లైనుకే టీ (మూడు దారుల జాయింటు) పెట్టి కలిపాము. వేడెక్కిన డీజిలూ అందులోని గాలీ ట్యాంకుకు పోకుండా మళ్లీ పంపుకే చేరతాయి కాబట్టి అది సరైన పద్ధతి కాదు. ఆ రెండు బండ్ల యజమానులకు ఫోనులో చెప్పాము. ఆ మిగులు డీజిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ పైపును విడిగా ట్యాంకులోకి వేసి ఇస్తాము.

ఇకపై ఫీడ్ లైను ఒకే ముక్కగా, ఛాసిస్‌కు క్లాంపులతో కట్టి వేస్తాము. ఇంజిన్ అదురు కోసం రబ్బరు గొట్టం తప్పని చోట డీజిల్‌కు తట్టుకునే గొట్టం సరైన కొలతలో వాడి, పైపు కొసకు ఉబ్బు తీసే బిగిస్తాము. బాంజో బోల్టుల (పైపు కొసను బిగించే, మధ్యలో డీజిల్ పోయే రంధ్రమున్న బోల్టుల) రాగి వాషర్లు పాతవి తిరిగి వేయము. అప్పగించే ముందు ట్యాంకులో డీజిల్ తక్కువగా ఉంచి, పారదర్శక గొట్టం పెట్టి గంటసేపు నడిపి చూపిస్తాము.

గత ఏడాది కాలంలో మా దగ్గర ఇంజిన్ మార్పించుకున్న ప్రతి బండినీ ఈ నెలాఖరులోగా తీసుకురండి, పైపులు ఉచితంగా సరిచేస్తాము. ఉదయం స్టార్టింగ్ ఆలస్యమవుతున్నా, ఎక్కుడులో పికప్ తగ్గుతున్నా ముందుగా రండి. నాజిల్ పైపుల దగ్గర చెమ్మ కనిపిస్తే, ఇంజిన్ నడుస్తుండగా చేతితో తడిమి చూడకండి. అక్కడి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయేంత ఒత్తిడితో ఉంటుంది. ఈ తనిఖీల వల్ల ఇప్పుడు షెడ్డులో ఉన్న రెండు లారీలు చెప్పిన తేదీకి వారం ఆలస్యంగా అందుతాయి, ఆ యజమానులు మన్నించగలరు.