గొట్టం అడుగున చూడు

చిన్నా,

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి మూడుసార్లు చూశాను. ఆ జోడు గొట్టాల తుపాకి మీద చెక్కిన పేరు చూసి, 1870 ప్రాంతపుదని లేబుల్ రాసేశానన్నావు. ఆ లేబుల్‌ని అప్పుడే అద్దాల బీరువాలో పెట్టకు. పేరు ఒక్కటే చూసి ఏడాది చెప్పలేం. తుపాకి అమ్మిన దుకాణంవాడు కూడా తన పేరే చెక్కించేవాడు.

ముందు లోపల తూటా లేదని తెరిచి చూసుకో. ఎంత పాతదైనా సరే, ఇది మరిచిపోవద్దు. తర్వాత గొట్టాలు విడదీసి, ట్రిగ్గర్ వైపు కొస దగ్గర అడుగు భాగాన్ని ఫోటో తియ్యి. గొట్టాన్ని పరీక్షించినప్పుడు కొట్టిన ముద్రలు అక్కడే ఉంటాయి, అసలు కథంతా వాటిలోనే.

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తుపాకులను పరీక్షించే ప్రూఫ్ హౌస్ 1813లో చట్టం ద్వారా ఏర్పడింది. మామూలు కంటే ఎక్కువ తుపాకి మందు కూరి పేల్చి, గొట్టం తట్టుకుంటేనే ముద్ర కొట్టేవారు. 1904 దాకా ఆ ముద్రలో కిరీటం, దాంతోపాటు అడ్డంగా దాటుకున్న రెండు రాజదండాలు ఉండేవి. 1904 నుంచి కిరీటం కింద బి.పి., బి.వి., ఎన్.పి. అనే అక్షరాలు వచ్చాయి. బి.పి. అంటే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ (పరీక్ష), బి.వి. అంటే బర్మింగ్‌హామ్ వ్యూ (తనిఖీ). ఎన్.పి. అంటే నైట్రో ప్రూఫ్, పొగరాని మందుతో పరీక్షించారని. 'నాట్ ఫర్ బాల్' అన్న మాటలు కనబడితే నీ పంట పండినట్టే. మూతి దగ్గర ఇరుకు చేసిన గొట్టంలో గుండు పేల్చవద్దని హెచ్చరిస్తూ 1875 నుంచి 1887 వరకే అలా కొట్టారు.

పాత రాజదండాలు, కొత్త ఎన్.పి. రెండూ ఉన్నాయనుకో, కంగారు పడకు. తుపాకి 1904కు ముందుదే, తర్వాత ఎవరో కొత్త మందు కోసం మళ్లీ పరీక్ష చేయించారు. కోడిగుడ్డు ఆకారంలో ఇ.ఎల్.జి. అని ఉంటే అది బెల్జియంలోని లియేజ్ ముద్ర. దానిపైన కిరీటం 1893లో చేరింది.

నేను చేసిన తప్పు నీకు చెప్పాలి. ఒక కోల్ట్ రివాల్వర్ మీద '1871 సెప్టెంబర్ 19' అని ఉంటే, అదే తయారైన తేదీ అని రాసేశాను. అది పేటెంట్ తేదీ! ఆ మోడల్ తయారీ మొదలైందే 1873లో. ఆ తేదీతోనే తర్వాత ఎన్నో ఏళ్లు రివాల్వర్లు వచ్చాయి. ఆ లేబుల్ చదివి వెళ్లినవాళ్లందరినీ తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఏడాది తేల్చాల్సింది సీరియల్ నంబర్‌ని కంపెనీ రికార్డులతో పోల్చి.

ఇంకో మాట. ముద్ర సరిగ్గా కనబడలేదని గీకకు, పాలిష్ అసలు పట్టించకు. ఒకసారి అరిగిపోయిన అక్షరం మళ్లీ రాదు. చీకటి గదిలో టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే, మాసిపోయిన గీతలు కూడా నీడతో పైకి తేలతాయి.

ఫోటోలో పక్కన స్కేలు పెట్టు. రేపు సాయంత్రం ఇంట్లోనే ఉంటాను, పంపి ఫోన్ చెయ్యి. ఇద్దరం కలిసి చదువుదాం.

అమ్మ