ఆ బకెట్టు ఇంకా కడగలేదు

సంపాదకుడు గారికి,

‘పట్టణంలో తాగునీరు సురక్షితం, వదంతులు నమ్మవద్దు’ అంటూ గత వారం మీ పత్రికలో వచ్చిన అధికారుల ప్రకటన చదివాను. కోపం కాస్త చల్లారాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. చల్లారలేదు.

సురక్షితమట! నమూనాలు తీసింది శుద్ధి కేంద్రం ఆవరణలోనేనని ఆ ప్రకటనలోనే ఉంది. అక్కడ కూడా బాగా లేకపోతే ఇక ఆ కేంద్రం దేనికి? మేము తాగేది తుప్పు పట్టిన గొట్టాల్లో కిలోమీటర్ల కొద్దీ ప్రయాణం చేసి వచ్చిన నీరు. రోజుకు గంటసేపు వదిలి కట్టేస్తారు. కట్టేయగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది, పక్కన పారే మురుగు పగుళ్లలోంచి లోపలికి చేరుతుంది. మర్నాడు ముందుగా మా బిందెలోకి దిగేది అదే. ఇది తెలియని ఇంజినీరు ఉంటాడా?

మొన్న రాత్రి తెల్ల బకెట్టు నిండా పట్టి ఉంచాం. తెల్లవారేసరికి అడుగున ఇటుక రంగు మడ్డి, వేలితో గీస్తే గీత పడేంత. ఫిర్యాదు చేస్తే ఒకాయన వచ్చి, పెన్నులాంటి టీడీఎస్ మీటరును గ్లాసులో ముంచి, అంకె చూపించి, ‘బ్రహ్మాండంగా ఉన్నాయండీ’ అన్నారు. ఆ మీటరు చెప్పేది కరిగిన లవణాల అంచనా. నీటిలో మలం కలిసిందని పట్టిచ్చే ఈ-కొలి అనే క్రిమి సంగతి దానికి తెలియదు, ఆర్సెనిక్ అనే విషం సంగతి అసలే తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్క ఈ-కొలి కూడా కనిపించకూడదు, కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. క్లోరిన్ చూడటం చుక్కల మందు వేసి రంగు పోల్చుకునేంత పని. ఆ మందు ఆయన సంచిలో లేదు. అడిగితే ‘పైనుంచి రాలేదు’ అన్నారు.

పైగా ‘మరిగించి తాగండి’ అని సలహా. క్రిములు చస్తాయి, నిజమే. వేసవిలో కలిపే బోరు నీటిలోని ఫ్లోరైడ్, నైట్రేట్ మరిగిస్తే పోతాయా? నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన లీటరుకు ఫ్లోరైడ్ 1.5, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు దాటకూడదు. నైట్రేట్ మితిమీరితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు. ఆ నీటినే మరిగించి పాలపొడి కలుపుతున్న తల్లికి ఈ మాట ఎవరు చెప్పాలి?

ఒకప్పుడు కార్యాలయంలో ఫిర్యాదుల పుస్తకమైనా ఉండేది. రాస్తే ఎవరో ఒకరు కింద సంతకం పెట్టేవారు, ఆ సంతకాన్ని పట్టుకుని నిలదీసేవాళ్లం. ఇప్పుడు అంతా ఫోనులోనే. ఫిర్యాదు పంపిన మర్నాడే ‘పరిష్కరించబడింది’ అని సందేశం వస్తుంది. ఎవరు పరిష్కరించారో, ఏమి పరిష్కరించారో ఆ దేవుడికే తెలియాలి. మీరూ తక్కువేమీ కాదు. వచ్చిన ప్రకటనను వచ్చినట్టే అచ్చు వేశారు, ఒక్క అంకె అడగలేదు.

గొట్టం చివరి వీధుల్లో, కొళాయి దగ్గర నమూనాలు తీయించి, ఫలితాలను తేదీతో, అంకెలతో వార్డుల వారీగా మీ పత్రికలోనే వేయమనండి. ఆ ప్రకటనపై సంతకం చేసిన అధికారి మా ఇంటికి కూడా రావచ్చు. బకెట్టు అలాగే ఉంచాం.

— గొట్టం చివరి వీధి పాఠకుడు