హాకీ అభిమానుల సంఘం, ఒంగోలు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదికలో కార్యక్రమాల కంటే వీడ్కోళ్ళే ఎక్కువ. పురుషుల జట్టు గోల్‌కీపర్ శ్రీజేష్ 2024 ఆగస్టులో తప్పుకున్నాడు, మహిళల జట్టు మాజీ కెప్టెన్ రాణి రాంపాల్ అక్టోబరులో. లెక్కల సంవత్సరం ముగిసిన మర్నాడే, అంటే 2025 ఏప్రిల్ 1న వందన కటారియా, జూన్‌లో లలిత్ ఉపాధ్యాయ్ కూడా అంతర్జాతీయ హాకీకి సెలవు చెప్పారు. మనలో చాలామంది మళ్ళీ టీవీ ముందు కూర్చుని హాకీ చూడటం మొదలుపెట్టింది వీళ్ళ వల్లే. అందుకని జమాఖర్చులు చివర్లో పెట్టి, ముందు వీళ్ళ గురించి రాస్తున్నాను.

పారిస్ మ్యాచ్‌లు

ఒలింపిక్స్ మ్యాచ్‌లన్నీ అందరం కలిసి చూడాలని జులై సమావేశంలో తీర్మానించుకున్నాం. ఒక కళ్యాణ మండపం వాళ్ళు భోజనాల హాలు అద్దె లేకుండా ఇచ్చారు. లీగ్ దశలో ఆస్ట్రేలియాను 3-2తో ఓడించిన రోజు నుంచి జనం పెరిగారు. 1972 తర్వాత ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా మీద మనం గెలవడం అదే మొదటిసారి.

ఆగస్టు 4 ఆదివారం, మధ్యాహ్నం ఒకటిన్నరకు బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్. చాలామంది భోజనాలు కూడా చెయ్యకుండా వచ్చారు. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డు ఇచ్చేసరికి హాలంతా ఒక్కసారి నీరుగారిపోయింది. అక్కడి నుంచి నలభై నిమిషాలకు పైగా మనవాళ్ళు పదిమందితోనే ఆడాలి. ఆ పదిమందితోనే హర్మన్‌ప్రీత్ గోల్ కొట్టాడు, బ్రిటన్ సమం చేసింది. తర్వాత రెండు క్వార్టర్లు బంతి మన డీ (గోల్ ముందుండే అర్ధవృత్తం) దగ్గరే తిరిగింది. ఎటు నుంచి వచ్చినా శ్రీజేష్ ఆపుతూనే ఉన్నాడు.

1-1తో షూటౌట్‌కి వెళ్ళింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: హాకీ షూటౌట్ ఫుట్‌బాల్ పెనాల్టీలా ఉండదు. ఆటగాడు 23 మీటర్ల గీత దగ్గర బంతితో బయలుదేరతాడు, 8 సెకన్లలో గోల్ కొట్టాలి. గోల్‌కీపర్ ముందుకొచ్చి అడ్డుపడొచ్చు. ఆ 8 సెకన్లలో ఎవరు ఎవరిని తొందరపెట్టారన్నదే ఆట. మన డ్రిల్లు మాస్టారు, సంఘంలో అందరికంటే పెద్దాయన, షూటౌట్ మొదలవగానే కుర్చీలోంచి లేచి హాలు వెనక గోడ దగ్గరికి వెళ్ళిపోయారు. స్క్రీన్ వైపు వీపు పెట్టి నిలబడి, విజిల్ వినపడగానే వేళ్ళు ముడుస్తూ ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. బ్రిటన్ వాళ్ళు కొట్టేటప్పుడు ఎనిమిది దాకా నిదానంగా, మనవాళ్ళు కొట్టేటప్పుడు గబగబా. లలిత్ మూడో గోల్ వేశాడు. ఫిల్ రోపర్ కొట్టింది శ్రీజేష్ ఆపాడు. రాజ్‌కుమార్ పాల్ చివరిది వేయగానే 4-2. అప్పుడు గానీ మాస్టారు ఇటు తిరగలేదు.

సెమీఫైనల్లో జర్మనీ చేతిలో 2-3తో ఓడిపోయాం. దాని గురించి ఇంకేం రాయను.

ఆగస్టు 8 గురువారం సాయంత్రం అయిదున్నరకు స్పెయిన్‌తో కాంస్య పతకం మ్యాచ్. పారిస్ తనకు చివరి టోర్నీ అని శ్రీజేష్ ముందే ప్రకటించాడు కాబట్టి అది అతని ఆఖరి మ్యాచ్ అని అందరికీ తెలుసు. ఆఫీసుల నుంచి నేరుగా వచ్చినవాళ్ళు, దుకాణం షట్టరు దించి వచ్చినవాళ్ళు, చీరాల నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. స్పెయిన్ ముందు గోల్ వేసింది. హర్మన్‌ప్రీత్ రెండు పెనాల్టీ కార్నర్లు (గోల్ దగ్గర తప్పు జరిగితే ఎదుటి జట్టుకు ఇచ్చే ప్రత్యేక అవకాశం) గోల్ చేసి 2-1 చేశాడు. ఆఖరి నిమిషంలో స్పెయిన్‌కి పెనాల్టీ కార్నర్ వచ్చింది. టెన్షన్ తట్టుకోలేక ఇద్దరు బయటికి వెళ్ళిపోయారు. శ్రీజేష్ దాన్ని కూడా ఆపాడు. టోక్యోలో 2021 ఆగస్టు 5న జర్మనీ మీద 5-4తో ఆధిక్యంలో ఉన్నప్పుడు కూడా ఇంతే: ఆఖరి సెకన్లలో పెనాల్టీ కార్నర్, అడ్డంగా శ్రీజేష్. నలభై ఒక్క ఏళ్ళ తర్వాత మనకు హాకీలో ఒలింపిక్ పతకం ఆ చేతుల మీదుగానే వచ్చింది. 336 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన మనిషి ఆటను పతకంతో ముగించాడు. ముగింపు వేడుకలో మనూ భాకర్‌తో కలిసి జాతీయ జెండా కూడా పట్టుకున్నాడు.

మూడు వారాల తర్వాత ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ పుట్టినరోజైన జాతీయ క్రీడా దినోత్సవం నాడు, శ్రీజేష్ కోసం అభినందన సభ పెట్టాం. కుర్చీలు చాలలేదు. శ్రీజేష్ కిట్టు కథ చాలామందికి తెలిసిందే. ఎర్నాకుళం జిల్లా కిళక్కంబలంలో రైతు కుటుంబం. తిరువనంతపురం స్పోర్ట్స్ స్కూల్లో గోల్‌కీపర్‌గా నిలబెట్టాక కిట్టు కొనడానికి డబ్బు లేక వాళ్ళ నాన్న ఆవును అమ్మాడు. సభలో ఆ ముక్క చెప్పేటప్పటికి ముందు వరసలోని రైతు సభ్యుల మొహాలు చూడాల్సింది. ఒంగోలు గిత్తకు పేరున్న గడ్డ మీద, పాడి ఆవును తోలుకుపోతుంటే ఇంట్లోవాళ్ళు ఏమవుతారో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక రైతన్న లేచి, "కొట్టినోడి పేరు పేపర్లో వస్తది. ఆపినోడి పేరు యాడ వస్తది? ఈ అబ్బయ్య ఒక్కడికే వచ్చింది" అన్నాడు. ఆ సభలో అంతకంటే మంచి ప్రసంగం ఇంకొకటి నేను వినలేదు.

రాణి, వందన

ఇక్కడ సభ్యులతో కాస్త మనసు విప్పి మాట్లాడాలి. శ్రీజేష్ సభకు నిలబడటానికి చోటు లేదు. నవంబరులో రాణి రాంపాల్ కోసం పెట్టిన సాయంత్రానికి సగం కుర్చీలు ఖాళీ. ఇది నాకు బాధ కలిగించింది.

2024 అక్టోబరు 24న రాణి రిటైర్మెంట్ ప్రకటించింది. పధ్నాలుగేళ్ళకే దేశం తరఫున ఆడిన పిల్ల. 254 మ్యాచ్‌లు, 205 గోల్స్. హర్యానాలోని షాహాబాద్‌లో వాళ్ళ నాన్న బండి లాగి కుటుంబాన్ని పోషించాడు. అకాడమీకి రోజూ అర లీటరు పాలు తీసుకురావాలన్నది నియమం. ఇంట్లో కొనగలిగింది రెండు వందల మిల్లీలీటర్లే. మిగతాది నీళ్ళు కలిపి తీసుకెళ్ళేదట. ఆ కష్టం నుంచి వచ్చిన అమ్మాయి కెప్టెన్‌గా టోక్యోలో మహిళల జట్టును నాలుగో స్థానంలో నిలబెట్టింది. అసలు టోక్యో దాకా వెళ్ళిందే ఆమె గోల్‌తో. 2019 నవంబరులో భువనేశ్వర్‌లో అమెరికాతో అర్హత మ్యాచ్‌లు జరిగాయి. మొదటి మ్యాచ్ 5-1తో గెలిచి ధీమాగా ఉన్నాం. రెండో మ్యాచ్‌లో వాళ్ళు విరామం లోపలే నాలుగు కొట్టి మొత్తం స్కోరు సమం చేసేశారు. 48వ నిమిషంలో రాణి కొట్టిన ఒక్క గోల్ 6-5తో మనల్ని గట్టెక్కించింది. ఆ గోల్ లేకపోతే ఆస్ట్రేలియా మీద క్వార్టర్ ఫైనల్ గెలుపు లేదు, ఆ ఆగస్టు ఉదయాలు లేవు.

మరి ఆమెకు పారిస్ లాంటి ముగింపు ఏది? టోక్యో తర్వాత గాయాలు, జట్టులో చోటు కోసం ఎదురుచూపులు. 2024 జనవరిలో రాంచీలో జపాన్ చేతిలో 0-1తో ఓడి మన మహిళల జట్టు పారిస్‌కి అర్హతే పొందలేదు. రాణి ఆ జట్టులో లేదు. శ్రీజేష్ 16వ నంబరు జెర్సీలాగే రాణి 28వ నంబరుకూ హాకీ ఇండియా విశ్రాంతినిచ్చింది (ఇక ఎవరికీ ఇవ్వరు), మంచి పని చేసింది. కానీ ఆఖరి మ్యాచ్ ఇదీ అని తెలిసి, దిగి, ఆడి, స్టిక్కు పైకెత్తి జనానికి చూపించే అదృష్టం ఆమెకు దక్కలేదు. అలాంటి వాళ్ళకు వీడ్కోలు చెప్పాల్సిన బాధ్యత అభిమానులదే. పతకం మెడలో ఉన్నప్పుడు చప్పట్లు అవంతట అవే వస్తాయి.

వందన విషయంలోనూ అంతే. 320 మ్యాచ్‌లు, 158 గోల్స్. ఆమె రిటైరయ్యేనాటికి మన దేశంలో ఏ మహిళా అన్ని హాకీ మ్యాచ్‌లు ఆడలేదు. టోక్యోకి ముందు బెంగళూరు క్యాంపులో ఉండగా తండ్రి పోతే కడసారి చూపుకు వెళ్ళలేకపోయింది. రెండు నెలలు తిరిగేసరికి దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి భారత మహిళా హాకీ క్రీడాకారిణి అయింది. సెమీఫైనల్లో జట్టు ఓడిన రోజు హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, కులం పేరుతో తిట్టారు. రెండు రోజుల తర్వాత కాంస్యం మ్యాచ్‌లో ఆమె మళ్ళీ గోల్ కొట్టింది. అంత గుండె ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో. వందన కోసం సభ ఆగస్టు 29న పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. ఈసారి ఒక్క కుర్చీ కూడా ఖాళీగా ఉండకూడదని అందరినీ పేరుపేరునా కోరుతున్నాను. ఇళ్ళలో ఆడపిల్లలున్నవాళ్ళు వాళ్ళను తప్పకుండా వెంటబెట్టుకుని రండి.

కిట్టు, వేసవి శిబిరం

శ్రీజేష్ సభలోనే ఒక సభ్యురాలు అడిగారు: "మన పిల్లలకు గోల్‌కీపర్ కిట్టు ఉందా?" లేదు. ఫీల్డులో ఆడేవాళ్ళకు స్టిక్కు, షిన్ గార్డులు, బూట్లు ఉంటే గడిచిపోతుంది. గోల్‌కీపర్‌కి కాళ్ళకు ప్యాడ్లు, పాదాలకు కిక్కర్లు, ఛాతీకి గార్డు, రెండు చేతులకూ వేరువేరు గ్లవ్స్, గొంతు కాపు, హెల్మెట్టు అన్నీ కావాలి. అవి లేకుండా పిల్లలను గోల్ ముందు నిలబెట్టకూడదు, గట్టిగా కొట్టిన బంతి రాయితో సమానం. అందుకే మన దగ్గర ఇన్నాళ్ళూ గోల్‌కీపర్ లేకుండా ఖాళీ పోస్టుకే ప్రాక్టీసు జరిగేది.

కిట్టు నిధికి చందాలు పోగుచేశాం. పొగాకు రైతులైన మన సభ్యులు వేలం డబ్బులు చేతికి రాగానే ఇస్తామన్నారు. ఈ ఏడాది కొన్ని రకాలకు ధర పడిపోయి ఎంత ఇబ్బందిలో ఉన్నారో తెలిసి మేము అడగడం మానేశాం. అయినా వాళ్ళే పిలిచి ఇచ్చారు. వాళ్ళకు సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

మే నెలలో శిబిరం పెట్టాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, అందుకని తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ఎక్కకముందే పిల్లలను ఇళ్ళకు పంపేశాం. కిట్టు మొదటిరోజు వేసుకున్నది హాస్టల్లో ఉండి చదువుకునే ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి. హెల్మెట్టు వదులై కళ్ళ మీదికి జారుతుంటే మాస్టారు తన భుజం మీది తువ్వాలు మడిచి లోపల కుక్కారు. మట్టి గ్రౌండులో ఆ కిక్కర్లతో పక్కకు జరగడం చాలా కష్టం. మొదటి అరగంటలో బంతులన్నీ లోపలికే వెళ్ళాయి. ఒకటి కాలికి తగిలి బయటికి పోగానే ఆ పిల్ల హెల్మెట్టు తీసి మాస్టారి వైపు చూసింది. ఆయన ఏమీ అనకుండా ఇంకో బంతి వేశారు.

జెర్సీల దగ్గర చిన్న తగువు వచ్చింది. పిల్లలందరూ 16 నంబరే కావాలన్నారు. జాతీయ సీనియర్ జట్టులో ఆ నంబరు ఇక ఎవరికీ లేదు కాబట్టి మనమూ ఇవ్వకూడదని కొందరు పెద్దలు వాదించారు. చివరికి ఏ రోజు ఎవరు గోల్‌లో నిలబడితే ఆ రోజు వాళ్ళకే 16 అని తేల్చాం. 28వ నంబరు అడిగిన ఇద్దరు అమ్మాయిలకు వంతులవారీగా ఇచ్చాం.

ఇతర కార్యక్రమాలు

మార్చి 15కి 1975 ప్రపంచకప్ గెలుపు యాభై ఏళ్ళు నిండింది. కౌలాలంపూర్ ఫైనల్లో పాకిస్తాన్ మీద 2-1, అశోక్ కుమార్ గోల్. ఆ రోజు రేడియోలో కామెంటరీ విన్న పెద్దలను పిలిచి టీ ఇచ్చి మాట్లాడించాం. హాకీ ఇండియా లీగ్ ఫైనల్లో హైదరాబాద్ తూఫాన్స్ 3-4తో ఓడిన రాత్రి కూడా కలిసే చూశాం. డిసెంబరులో మస్కట్‌లో జూనియర్ ఆసియా కప్ ఫైనల్లో మన కుర్రాళ్ళు పాకిస్తాన్‌ను 5-3తో ఓడించారు. ఆ జట్టుకు కోచ్ శ్రీజేష్. ఆ వార్త వినగానే చాలామంది సభ్యులు ఫోన్లు చేశారు.

జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. చందా పెంచడం లేదు. వచ్చే ఏడాది పిల్లలను 2023లో సీనియర్ మహిళల జాతీయ టోర్నీ జరిగిన కాకినాడకు తీసుకెళ్ళి, టర్ఫ్ మీద ఒక్క రోజైనా ఆడించాలన్నది ప్రతిపాదన. సర్వసభ్య సమావేశంలో దీనిమీద ఓటు వేయాలి. కిట్టు ప్రస్తుతం మాస్టారి ఇంట్లో ఉంది, కావలసిన బడులు ఒక రోజు ముందు చెబితే ఇస్తారు. వాడాక ప్యాడ్లు ఎండలో ఆరబెట్టి తిరిగి ఇవ్వాలి.

ఇట్లు,
కార్యదర్శి