ప్యానెళ్లు బిగించారు సరే, నిర్వహణ సొమ్మేది?

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ‘నాడు–నేడు’ కింద ఆరో తరగతి నుంచి పై తరగతుల గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (వేలితో తాకితే పనిచేసే పెద్ద తెరలు), ప్రాథమిక బడుల్లో స్మార్ట్ టీవీలు బిగించారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు, మరుసటి డిసెంబరులో ఇంకో విడత పంచారు. కార్పొరేట్ బడి పిల్లవాడికి దొరికే సౌకర్యం పల్లెటూరి పిల్లకూ దొరకాలి. అందులో నాకు రెండో మాట లేదు. కొన్న తర్వాత వాటి ఆలనాపాలనా ఎవరిదో తేల్చకపోవడం గురించే ఈ లేఖ.

ముందు లెక్క చూడండి. 75 అంగుళాల ప్యానెల్ సుమారు 200 వాట్లు లాగుతుంది. రోజుకు ఐదు గంటలు నడిస్తే ఒక యూనిట్. ఎనిమిది గదులున్న ఉన్నత పాఠశాలలో, 220 పనిదినాలకు 1,760 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు అనుకున్నా పన్నెండు వేలు దాటుతుంది. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకిచ్చే కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 50 వేలు. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలి. సుద్దముక్కలు, రిజిస్టర్లు, ఇంటర్నెట్, చిన్నచిన్న మరమ్మతులు, ఫ్యాన్ల బిల్లు అన్నీ మిగిలిన దాంట్లోనే. ఇక కరెంటు పోయినప్పుడు ప్యానెల్‌ను నడిపే యూపీఎస్ బ్యాటరీ పోతే కొత్తది ఎక్కణ్నుంచి వస్తుంది? హెడ్మాస్టర్ జేబులోంచి రావాలి, లేదా ప్యానెల్ గోడకు అలంకారంగా మిగలాలి.

ప్యానెళ్లు చెడిపోవడానికి పెద్ద కారణం కరెంటు. పల్లెలకు కరెంటు తెచ్చే ఫీడర్లలో వోల్టేజి పొద్దున ఒకలా, మోటార్లు ఆడే వేళ ఇంకోలా ఉంటుంది. దానికి తోడు పాత భవనాల్లో ఎర్తింగ్, అంటే దారితప్పిన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు, పేరుకే ఉంటుంది. స్విచ్‌బోర్డులో మూడో తీగ ఉంటుంది గానీ అది దిగే ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు ఎండిపోయి ఏళ్లయి ఉంటుంది. పరీక్షించడం కష్టమేమీ కాదు. ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్‌తో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి కొలవాలి. రెండూ దాదాపు సమానంగా రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు మించి చూపిస్తే ముందు ఎర్త్ గుంత బాగుచేసి, వైరింగ్ కూడా చూసి, ఆ తర్వాతే ప్యానెల్ ఆన్ చేయాలి. వేసవిలో ఆ గుంతలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోస్తే చాలు. సెలవులకు తాళం వేసేటప్పుడు స్విచ్ ఆపడం సరిపోదు, ప్లగ్గే పీకెయ్యాలి. మే నెల ఈదురుగాలుల్లో పడే పిడుగు స్విచ్‌ను లెక్కచేయదు.

రెండో కారణం సుద్దపొడి. ఈ ప్యానెళ్లలో ఎక్కువ రకాలకు తెర చుట్టూ ఉన్న చట్రంలోంచి కంటికి కనబడని పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా ప్రసరిస్తుంటాయి. వేలు ఆ కిరణాలకు అడ్డుపడిన చోటును యంత్రం గుర్తిస్తుంది. చట్రం గాడిలో సుద్దపొడి పేరుకుంటే అది కూడా వేలులాగే అడ్డుపడుతుంది. గీత దానంతటదే గీసుకుపోతుంది, నొక్కిన చోట కాక పక్కన తెరుచుకుంటుంది. ‘టచ్ పోయింది’ అని ఫిర్యాదు రాసి నెలల తరబడి మూలన పడేసే ప్యానెళ్లలో కొన్నింటికి మెత్తని పొడి బ్రష్‌తో నాలుగు వైపులా గాడి దులిపితే చాలు. కిటికీలోంచి నేరుగా ఎండ పడినా ఇదే తంటా. అందుకే ప్యానెల్‌ను కిటికీకి ఎదురుగోడకు బిగించకూడదు. పక్కనే నల్లబల్ల ఉంటే పొడి రాలని సుద్దముక్కలే వాడాలి.

ట్యాబుల సంగతి క్లుప్తంగా చెబుతాను. వేసవి సెలవులంతా ఛార్జింగ్ అడుగంటిన ట్యాబును బీరువాలో పెడితే జూన్‌లో అది తెరుచుకోకపోవచ్చు. లిథియం బ్యాటరీ పూర్తిగా ఖాళీగా ఉండిపోతే దెబ్బతింటుంది. సగం ఛార్జింగ్ ఉంచి, ఆపేసి, చల్లని గదిలో పెట్టాలి. బ్యాటరీ ఉబ్బి తెర పైకి లేచినట్టు కనబడితే దాన్ని ఛార్జింగ్‌కు పెట్టనే వద్దు. మెమరీ కార్డులో పాఠాలున్న చోట కార్డు నంబరు కూడా రిజిస్టర్లో రాయాలి. కార్డు ఫోన్లోకి మారితే ట్యాబు మిగిలినా పాఠం మిగలదు.

పాఠాల విషయంలో ప్రభుత్వం నేర్చుకోవాల్సింది ఇంకా పెద్దది. ఆ ట్యాబుల్లో బైజూస్ అనే ప్రైవేటు సంస్థ పాఠాలు వేసి ఇచ్చారు. 2024 జులైలో ఆ సంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. అదే 2024–25లో మన పదో తరగతికి జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. సంస్థ ఒడుదొడుకుల్లో పడితే వీడియోను సవరించేదెవరు? పుస్తకం మారితే సరిపోల్చేదెవరు? అందుకే పాఠం హక్కు రాష్ట్ర ప్రభుత్వ విద్యా పరిశోధన సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ దగ్గరే ఉండాలి. ఏ ప్యానెల్లోనైనా, నెట్ లేకపోయినా తెరుచుకునే మామూలు ఫైళ్లుగా ఉండాలి. కేంద్రం నడిపే దీక్ష వెబ్‌సైట్, తెలంగాణ నడిపే టీ–శాట్ చానెళ్ల పాఠాలు ఎలాగూ ప్రభుత్వానివే. వాటిలో మన పుస్తకానికి సరిపోయేవి ఏరి, పాఠాల వారీగా పెన్‌డ్రైవ్‌లో బడికి ఇస్తే ఖర్చు స్వల్పం.

ఇక పాఠం చెప్పే తీరు. కంటికి కనబడనిదాన్ని, చేతికి అందనిదాన్ని చూపించడానికి ప్యానెల్‌ను మించింది లేదు. గుండెలో రక్తం తిరగడం, పరమాణువు, గ్రహణం, ఘనాకారాల అడ్డుకోతలు అలాంటివి. చేతికి అందేదాన్ని కూడా తెర మీదే చూపించి సరిపెట్టడం మాత్రం పిల్లలకు అన్యాయం. కుంభాకార కటకం పాఠమే తీసుకోండి. 10 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న కటకం, కొవ్వొత్తి, తెల్లకాగితం చాలు. కొవ్వొత్తిని 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే 15 దగ్గర తలకిందులైన చిన్న ప్రతిబింబం. 20లో పెడితే అవతల 20లో అంతే పరిమాణంలో. 15లో పెడితే 30 దగ్గర రెట్టింపు. 6 సెంటీమీటర్లకు తెస్తే కాగితం మీద ఏమీ పడదు. అప్పుడు పిల్లలు ‘ఎందుకు సార్?’ అంటారు. ప్యానెల్ ఆన్ చేయాల్సిన సమయం అదే. కిరణచిత్రం కదులుతుంటే జవాబు వాళ్లే చెబుతారు. ఈ వరుస తిప్పి ముందే వీడియో వేస్తే ఆ ప్రశ్న పుట్టదు.

45 నిమిషాల పీరియడులో వీడియో ఏడెనిమిది నిమిషాలు దాటకూడదు. మధ్యలో రెండుచోట్ల ఆపి ‘తర్వాత ఏమవుతుంది?’ అని అడగాలి. ఇంగ్లిషు వ్యాఖ్యానం ఉన్న వీడియోను మొదటిసారి శబ్దం ఆపి, టీచర్ తెలుగులో చెబుతూ చూపించాలి. రెండోసారి ఇంగ్లిషులో వినిపించాలి. 2020–21 నుంచి వస్తున్న రెండు భాషల పుస్తకాలకు ఈ పద్ధతి చక్కగా అతుకుతుంది. చివరి పది నిమిషాలు పిల్లల చేతిలో పెన్సిలే ఉండాలి. పబ్లిక్ పరీక్షలో పటం కాగితం మీదే గీయాలి కదా.

పాఠశాల విద్యాశాఖకు నా విన్నపం. ఒక్కో ప్యానెల్‌కు ఏడాదికి ఇంత అని నిర్వహణ సొమ్ము కాంపోజిట్ గ్రాంటుతో కలపకుండా విడిగా జూన్‌లోనే బడి ఖాతాలో వేయండి. మండల విద్యాధికారి (ఎంఈవో) కార్యాలయానికి ఒక ఎలక్ట్రీషియన్‌ను కేటాయించి, జూన్‌లో ఒకసారి, సంక్రాంతి సెలవుల్లో ఒకసారి ప్రతి బడిలో ఎర్తింగ్ కొలిపించి, ఆ అంకె స్విచ్‌బోర్డు పక్కన గోడమీద రాయించండి. యూపీఎస్ బ్యాటరీలు, రిమోట్లు, పవర్ కేబుళ్లు, ట్యాబు ఛార్జర్లు మండల కేంద్రంలో కొన్ని సిద్ధంగా ఉంచండి. ఫిర్యాదు నమోదైన ఏడు రోజుల్లో మనిషి రాకపోతే స్థానికంగా బాగుచేయించుకునే అధికారం హెడ్మాస్టర్‌కు ఇస్తూ ఉత్తర్వు జారీ చేయండి.

– ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, తెనాలి