కామ్‌లాక్ బుక్ చేసుకున్నవాళ్ళకు: పని ఎక్కడిదాకా వచ్చింది, ధర ఎందుకు మారింది

కామ్‌లాక్ కోసం దసరాకు అడ్వాన్స్ కట్టిన అందరికీ నమస్కారం. సంక్రాంతికి చేతికిస్తామన్నాం, ఇవ్వలేదు. మొదటి విడత ఉగాదికి వెళ్తుంది, అదీ అందరికీ కాదు. ఫోన్ చేసినవాళ్ళకు ఎవరికి వాళ్ళకు విడివిడిగా చెబుతుంటే ఒకరికి సగం, ఇంకొకరికి పావు చేరుతోంది. అందుకని మొత్తం ఒకేచోట రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి. డబ్బు సంగతి మాత్రమే కావాలనుకుంటే చివరికి వెళ్ళిపోండి.

కొత్తగా చూస్తున్నవాళ్ళకు రెండు మాటలు. స్పేస్: 1999 అని బ్రిటన్‌లో తీసిన టీవీ సిరీస్ ఉంది. 1975లో మొదలై రెండు సీజన్లు, 48 ఎపిసోడ్లు వచ్చాయి. చంద్రుడి మీద పోగేసిన అణు వ్యర్థాలు 1999 సెప్టెంబర్ 13న పేలతాయి. చంద్రుడు కక్ష్య తప్పి అంతరిక్షంలోకి వెళ్ళిపోతాడు, అక్కడి మూన్‌బేస్ ఆల్ఫాలో ఉన్న 311 మంది కూడా దాంతోపాటే. సైన్సు తెలిసినవాళ్ళు అప్పట్లోనే నవ్వుకున్న కథ ఇది. కథ పక్కన పెడదాం. వాళ్ళు నడుముకు తగిలించుకునే డబ్బాయే మన సరుకు. బెల్టు నుంచి తీసి మాట్లాడితే అవతలి మనిషి ముఖం బుల్లి నలుపు తెలుపు తెర మీద కనిపిస్తుంది. తలుపు వైపు చూపించి నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. దానిపేరే కామ్‌లాక్.

అది వచ్చిన రోజులు గుర్తుపెట్టుకుంటేనే దాని సొగసు అర్థమవుతుంది. అమెరికాలో ఏటీ అండ్ టీ 1970లో పిట్స్‌బర్గ్‌లో పిక్చర్‌ఫోన్ సర్వీసు మొదలుపెట్టింది. బల్ల మీద పెట్టుకునే సెట్టు, నెలకు 160 డాలర్లు. జనం కొనలేదు. 1977లో బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ రెండంగుళాల ట్యూబుతో జేబు టీవీ తెచ్చింది, అది చూడ్డానికే తప్ప మాట్లాడ్డానికి కాదు. అంటే సిరీస్ ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు నటుల నడుముకు తగిలించిన ఆ డబ్బాను, ఎవరి సాయమూ లేకుండా దానంతటది పనిచేసే వస్తువుగా చేయడం ఆనాడు ఎవరి తరమూ కాదు. ఇవాళ మన కోఠి గుజరాతీ గల్లీలో ఓ పూట తిరిగితే దాదాపు అన్ని పార్టులూ దొరుకుతాయి. దొరకనిది అసలు రూపానికి సరిపోయే తెర ఒక్కటే.

అందుకే తెర గురించే ఎక్కువ రాస్తాను. ఆలస్యమూ అక్కడే, ఖర్చూ అక్కడే.

బుకింగ్ తీసుకున్నప్పుడు అనుకున్నది రెండంగుళాల ఎల్‌సీడీ తెర. చవక, ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది, 240 బై 320 చుక్కలు. బొమ్మ శుభ్రంగా వస్తుంది. ఆ శుభ్రమే ఇబ్బంది. వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి నలుపు ఉండాల్సిన చోట బూడిద రంగు కనిపిస్తుంది. చీకటి గదిలో పెడితే ఇది చవక ఫోన్ తెర అని చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు. యాక్రిలిక్ ముక్కను వేడిచేసి, చెక్క అచ్చు మీద నొక్కి, ఉబ్బెత్తు అద్దం చేసి పైన బిగించాం. పగటిపూట బాగానే మోసం చేస్తుంది, రాత్రికి దొరికిపోతుంది.

అసలు రూపం రావాలంటే పాత టీవీల్లో ఉండే పిక్చర్ ట్యూబే ఉండాలి. అంత చిన్న ట్యూబులు కొత్తవి మాకు ఎక్కడా దొరకలేదు. పాతవి మాత్రం మన ఊళ్ళలోనే ఉన్నాయి, ఫొటో స్టూడియోల అటకల మీద. 1990లలో పెళ్ళిళ్ళకు వెళ్ళినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది: పానాసోనిక్ ఎం7 లాంటి, భుజాన పెట్టుకునే వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్ కెమెరాలు. కెమెరామాన్ కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లోపల ఉన్నది నిజానికి బుల్లి టీవీ. వేలంత గాజు ట్యూబు, ముందు అంగుళం లోపు తెర, మెడ చుట్టూ రాగి కాయిళ్ళు, పక్కన కిలోవోల్టులు పుట్టించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్. వీటిలో చాలావాటికి కొద్ది వోల్టుల డీసీ, పాత టీవీకి ఇచ్చే మామూలు వీడియో సిగ్నల్ ఇస్తే చాలు, బొమ్మ వచ్చేస్తుంది.

స్విచ్ వేశాక ఒకటి రెండు సెకన్లు ఏమీ ఉండదు. తర్వాత నీలం కలిసిన తెల్లని వెలుగు మెల్లగా తేలుతుంది. తెల్లచొక్కా వేసుకుని ఎదురుగా కూర్చుంటే ఆ చొక్కా చుట్టూ పొగమంచులా వెలుగు కమ్ముకుంటుంది, మూలల్లో గీతలు కాస్త వంగుతాయి. నలుపున్న చోట మాత్రం నిఖార్సైన నలుపు. మా షాపులో దీన్ని చూసినవాళ్ళెవరూ మళ్ళీ ఎల్‌సీడీ అడగలేదు. ధర చెప్పాక ఒకరిద్దరు అడిగారనుకోండి, అది వేరే సంగతి.

దీనికి చిన్న కూత కూడా ఉంటుంది. మన పాత టీవీల పాల్ (PAL) పద్ధతిలో ట్యూబు సెకనుకు 15,625 గీతలు గీస్తుంది, ఆ లెక్కలోనే ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా కూస్తుంది. షాపులో కుర్రాడికి వినిపిస్తుంది, నాకు వినిపించదు. నలభై దాటినవాళ్ళలో చాలామందికి అంత పైశ్రుతి అందదు. ఇంట్లో పిల్లలు “ఏదో కూస్తోంది” అంటే వస్తువు చెడిపోయిందని టెన్షన్ పడకండి. కూత ఆగిపోతేనే ఫోన్ చేయండి.

ట్యూబు తెర చిన్నది కాబట్టి ముందు భూతద్దం పెట్టాం. ఎదురుగా చూస్తే తెర నిండుగా కనిపిస్తుంది, పక్క నుంచి చూస్తే అంచు తెగుతుంది. నలుగురు గుమిగూడి చూసే వస్తువు కాదు, ముందే చెబుతున్నా.

ఇక కెమెరాలు. పనిచేస్తున్న కెమెరాను ట్యూబు కోసం కోయను. మొండిపట్టు అనుకున్నా సరే. క్యాసెట్ చదివే హెడ్డు అరిగి, మోటారు పోయి, రిపేరుకు లొంగనివే తీసుకుంటున్నాం. వాటిలోనూ వ్యూఫైండర్ బాగున్నవి తక్కువ. ఒక కెమెరాలో ఎవరిదో పెళ్ళి క్యాసెట్ ఇరుక్కుని వచ్చింది, తీసి అమ్మినాయనకే ఇచ్చేశాం. ఇంకొన్ని ట్యూబుల్లో ఏళ్ళ తరబడి ఒకేచోట వెలిగిన బ్యాటరీ గుర్తు మచ్చగా మిగిలిపోయింది. అలాంటి మచ్చ ఉన్నదే కావాలని మీలో ఒకరు అడిగారు, ఆయనకు ధర కాస్త తగ్గించి ఇస్తున్నాం. ట్యూబులు సప్లై చేస్తానని డబ్బు తీసుకున్న ఒక స్క్రాప్ వ్యాపారి పగిలినవి కలిపి పంపాడు. అతనితో లావాదేవీ తెంచుకున్నాం గానీ జనవరి అంతా ఆ తగాదాలోనే పోయింది.

ట్యూబు పెట్టాలన్నాక లోపలి బోర్డు కూడా మారింది. మొదట అనుకున్నది ఈఎస్‌పీ32 క్యామ్ అనే కెమెరా ఉన్న చిన్న బోర్డు, చాలా చవకైనది. ఆ చిప్పులో ట్యూబుకు కావాల్సిన అనలాగ్ వోల్టేజీ బయటికివ్వగల పిన్నులు రెండే, 25, 26. మేం వాడిన బోర్డులో ఆ రెండూ కెమెరాకే కట్టేసి ఉంటాయి. కెమెరా కావాలంటే ట్యూబుకు సిగ్నల్ లేదు, ట్యూబు కావాలంటే కెమెరా లేదు. అందుకని రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే బుల్లి కంప్యూటర్‌కి వెళ్ళాం. 65 బై 30 మిల్లీమీటర్ల బోర్డు, 512 ఎంబీ మెమరీ. అడుగున ఉన్న రెండు చుక్కలకు వైర్లు టంకం పెడితే పాత టీవీ సిగ్నల్ వచ్చేస్తుంది. పని సులువైంది, బిల్లు పెరిగింది.

కెమెరా ఎక్కడ పెట్టాలనే దాని మీద షాపులో పెద్ద చర్చే జరిగింది. సిరీస్‌లో వాళ్ళు తెరను చూస్తూ మాట్లాడతారు, అవతలివాళ్ళకు సూటిగా కళ్ళలోకి చూస్తున్నట్టే కనిపిస్తారు. మన ల్యాప్‌టాప్‌లో అలా ఉండదు. కెమెరా తెర పైఅంచున ఉంటుంది, మనం చూసేది తెర మధ్యలోకి, ఆ తేడా పది డిగ్రీల దాకా ఉంటుంది. అందుకే వీడియో కాల్‌లో అందరూ కిందికి చూస్తున్నట్టుంటారు. కామ్‌లాక్ తెర చిన్నది కావడం ఇక్కడ కలిసొచ్చింది. తెర మధ్య నుంచి సెంటీమీటరున్నర దూరంలో సూదిరంధ్రమంత లెన్సు పెట్టాం. చేయి చాచి 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే తేడా రెండు డిగ్రీలే. మాట్లాడుతున్న మనిషి మిమ్మల్నే చూస్తున్నట్టుంటుంది. ఈ ఒక్క విషయంలో ఇప్పటి ఫోన్ల కంటే మనదే నయం.

తలుపు తెరవడం టీవీ రిమోట్ పద్ధతే. ముందు భాగంలో ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ, 38 కిలోహెర్ట్జ్ సిగ్నల్. దాంతో ఒక చిన్న రిసీవర్ డబ్బా ఇస్తాం, అందులో రిలే అనే స్విచ్ ఉంటుంది. కరెంటు లాక్‌కు కలుపుకుంటారో, లైటుకు కలుపుకుంటారో మీ ఇష్టం. అదే ఎల్ఈడీతో ఏసీ కూడా ఆన్ అవుతుంది. వీధి తలుపుకు మాత్రం వద్దు. ఈ సిగ్నల్‌ను రికార్డు చేసి మళ్ళీ వదిలే సామాను బజారులో వందల రూపాయల్లో దొరుకుతుంది, దొంగకు తాళం ఇచ్చినట్టే.

రాని పనులు కూడా చెప్పాలి. వాట్సాప్ కాల్ రాదు. ఇది అందరూ అడుగుతున్నారు, అందుకే మొదట రాశాను. ఒకే వైఫైలో ఉన్న రెండు కామ్‌లాక్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, లేదా అదే వైఫైలో ఉన్న ఫోన్ బ్రౌజర్‌తో మాట్లాడుతుంది. హైదరాబాద్ నుంచి డల్లాస్‌లో ఉన్న కొడుక్కి చేయడం కుదరదు. బొమ్మ 320 బై 240, సెకనుకు 15 ఫ్రేములు. ఇంతకంటే పెంచినా ట్యూబులో తేడా కనపడలేదు, బోర్డు మాత్రం వేడెక్కింది. మాట ముందు, పెదవులు కాస్త వెనక. ఆపకుండా మాట్లాడితే బ్యాటరీ రెండు గంటలు వస్తుంది.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి విదేశాల్లో ఉన్నవాళ్ళకు: విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం 2016 నుంచి నిషిద్ధం, మిగతా దారులకు కాగితాలు ఎక్కువ. అందుకని మీకు బ్యాటరీ లేకుండానే పంపుతాం. లోపల 18650 సైజు సెల్లుకు గూడు ఉంది. అది ఏ దేశంలోనైనా దొరికే సైజు, మంచి కంపెనీది చూసి కొనుక్కోండి.

పైడబ్బా పనిలో చెప్పుకోవాల్సినంత కష్టం రాలేదు. త్రీడీ ప్రింటు తీసి, కార్లకు పెట్టే పుట్టీ పెట్టి, వాటర్ పేపరుతో రుద్ది, దాన్నుంచి సిలికాన్ అచ్చు తీసి రెసిన్ పోస్తున్నాం. బటన్లు నొక్కితే టక్కుమనాలని బాలానగర్‌లో లోహపు స్ప్రింగులు చేయించాం.

కొందరు హక్కుల గురించి అడిగారు. ఇది అధికారిక సరుకు కాదు. సిరీస్ పేరు గానీ గుర్తులు గానీ డబ్బా మీద, అట్టపెట్టె మీద ఉండవు. ఇలాంటి తగాదాల్లో పేరున్నది బ్రిటన్ సుప్రీంకోర్టు 2011 తీర్పు. స్టార్ వార్స్ సైనికుల హెల్మెట్ శిల్పం కాదనీ, సినిమా తీయడానికి పనికొచ్చే వస్తువనీ కోర్టు తేల్చింది. తయారుచేసినాయన ఆ మేరకు గెలిచాడు గానీ, అమెరికా కాపీరైట్ ఉల్లంఘన మీద ఆయన్ను బ్రిటన్‌లోనే విచారించవచ్చని అదే కోర్టు చెప్పింది. ఆ ధైర్యంతో నేను ఫ్యాక్టరీ పెట్టబోవడం లేదు. ఇప్పుడు బుక్ చేసినవాళ్ళ వరకు చేసి ఆపేస్తాం.

ఇప్పుడు డబ్బు. ఎల్‌సీడీ కామ్‌లాక్ మొదట చెప్పిన 14,500 రూపాయలకే ఇస్తాం. బోర్డు ఖర్చు పెరిగినా మీమీద వేయడం లేదు, ఎందుకంటే ఆ ధరకు మీరు అప్పుడే సరే అన్నారు. ట్యూబు కామ్‌లాక్ 19,000. ఎల్‌సీడీవాళ్ళకు ఉగాదిలోపు పంపిస్తాం. ట్యూబువాళ్ళకు బుక్ చేసిన వరుసలో, ట్యూబులు దొరికే కొద్దీ. వేసవి దాటినా దాటవచ్చు. ఖాయమైన తేదీ చెప్పమని అడగకండి, చెబితే అబద్ధమవుతుంది. ఎవరి పుట్టినరోజుకో కానుకగా ఇద్దామనుకుని బుక్ చేసినవాళ్ళు ఎల్‌సీడీ తీసుకోండి, లేదా డబ్బు వెనక్కి తీసుకోండి. కోత లేకుండా మొత్తం వారంలో వేసేస్తాం, నొచ్చుకునేది ఏమీ లేదు.

ఏది కావాలో ఫిబ్రవరి ఆఖరులోగా మెసేజ్ పెట్టండి. పెట్టనివాళ్ళకు ఎల్‌సీడీ అని రాసుకుంటాం. మీ ఇంట్లోగానీ, తెలిసిన స్టూడియోలోగానీ మూలపడిన వీహెచ్ఎస్ కెమెరా ఉంటే దాన్ని విప్పొద్దు. ఛార్జర్ పెట్టి వ్యూఫైండర్ వెలుగుతుందేమో చూసి, ఆ వెలుగును ఫోన్‌లో వీడియో తీసి పంపండి. పనికొస్తుందంటే కొరియర్ ఖర్చు మాదే, కెమెరా డబ్బు మీ బిల్లులో తగ్గిస్తాం, వరుసలో మీ పేరు ముందుకు జరుపుతాం.